పెరగకుండా నిలబడాలి

మార్చి 3

నా నంబర్‌కి నేనే మెసేజ్ పెట్టుకుంటున్నా. అక్క పాత ఫోన్ ఇది. అద్దం పగిలింది గానీ పనిచేస్తుంది. ఇక్కడైతే ఎవరూ చదవరు.

ఇవాళ బాబాయి టెంపోలో మట్టి మూటలు దింపడానికి వెళ్ళా. బొమ్మలు చేసే మేడం షెడ్డు. పెద్దావిడ, తెల్ల జుట్టు, మోచేతుల దాకా మట్టి. మూట భుజాన వేసుకుని, ఎక్కడ దించాలో తెలీక తలుపు దగ్గర ఆగిపోయా. అడగాలంటే నోరు రాలేదు. ఆవిడ ఒక కన్ను మూసి నన్నే చూస్తుంది.

"ఒరేయ్ అబ్బాయ్, బరువు ఏ కాలి మీద ఉంది?"

నాకేం తెలుసు. కిందకి చూసుకున్నా.

"చూసుకోకు! చూసుకుంటే మారిపోతుంది" అని తిట్టింది.

లోపల కుర్చీలో ఇంకో ఆవిడ ఉంది. నేను మూట దించి అటు తిరిగేసరికి ఆవిడ గబుక్కున లేచింది. మళ్ళీ కూలబడింది. "వెనక నుంచి మా వాడే" అంది.

వాళ్ళబ్బాయి పోయినేడు జ్వరంతో పోయాడట. వాడి పేరు మీద లైబ్రరీ కట్టిస్తున్నారు, దాని ముందు వాడి బొమ్మ నిలబెడతారట, నిలువెత్తుది. మొహం ఫొటోలు చూసి చేస్తుందట మేడం. ఒళ్ళు ఫొటోల్లో దొరకదట, నిలబడే మనిషి కావాలట.

ఆ నిలబడే మనిషి నేనేనట.

బాబాయి దారంతా నవ్వాడు. "నిలబడటం కూడా ఒక పనేంట్రా! మీ తాత బతుకంతా అరుగు మీద నిలబడ్డాడు, ఒక్కడూ వచ్చి బొమ్మ చెయ్యలేదు." నవ్వడం అయ్యాక అన్నాడు, అది అయ్యేదాకా సరే, ఆ తర్వాత మామయ్య హోటల్‌కి పోవాల్సిందే అని.

మామయ్య హోటల్లో గిన్నెలు కడిగే గదికి కిటికీ లేదు. మామయ్యకి చెయ్యి ముందు లేస్తుంది, నోరు తర్వాత. ఒకసారి అక్కడ ఉండి వచ్చేశా. చాలు.

మార్చి 4

చొక్కా విప్పాలట. నిక్కరు ఉంచుకోవచ్చట.

చచ్చిపోయా.

మార్చి 5

మేడం కొలిచింది. పీత కాళ్ళలాంటి ఇనప కొలత ఒకటి ఉంది. భుజం నుంచి మోచెయ్యి, తుంటి నుంచి మోకాలు, అన్నీ. ఆ చనిపోయినబ్బాయి అమ్మ పక్కనే నిలబడి, "వాడి నెత్తి నా చెవి దాకా వచ్చేది" అని చెయ్యి పెట్టి చూపించింది. మేడం నన్ను ఆవిడ పక్కకి లాగింది. సరిగ్గా చెవి దాకా వచ్చా. ఆవిడ నా వైపు చూడలేదు. కళ్ళు మూసుకుని అలాగే నిలబడింది పక్కన.

తర్వాత నన్ను చెక్క మీద నిలబెట్టి, వెనక గోడ మీద నా నెత్తికి కాస్త పైన బొగ్గుతో చిన్న గీత గీసింది. ఎదురు గోడకి పెద్ద అద్దం ఉంది. బొమ్మలో తప్పు దొరక్కపోతే అద్దంలో తిరగేసి చూస్తుందట. ఆ అద్దంలో నాకు నేనూ కనబడతా, నా నెత్తి మీద గీతా కనబడుతుంది.

"కొలవడం ఈ ఒక్కసారే. ఇకనుంచి నా కన్నే. రోజూ కొలిచేవాడు దర్జీ" అంది.

ఇంటికొచ్చి చెప్తే అక్క మూతి తిప్పింది. తను దర్జీ షాపులో ఆల్టరేషన్లు చేస్తుంది మరి. "పొగరు చూడు ఆవిడకి!"

మేడం ఇంకోటి కూడా చెప్పింది. కొలతల ప్రకారం ఇనప చువ్వలతో అస్థిపంజరంలా వెల్డింగ్ పెట్టిస్తారు, దాని మీద మట్టి. "ఇనుము మారదు. నువ్వు లావెక్కినా చిక్కినా నేను చూసుకుంటా. ఎముక సాగిందా, ఇక నీతో పని లేదు, ఇంకొకణ్ణి వెతుక్కోవాలి. మీ ఈడు పిల్లలతో ఇదే గొడవ. నిన్న ఉన్నవాడు ఇవాళ ఉండడు."

నేను పెరిగే రకం కాదులే. మా ఇంట్లో అందరూ పొట్టే.

మార్చి 19

ఇప్పుడు సిగ్గు తగ్గింది. పూర్తిగా కాదు.

మేడం మొహంతో మొదలెట్టదు. ముందు బరువు. కుడికాలి మీద బరువు వేస్తే కుడి తుంటి పైకి లేస్తుంది, కుడి భుజం కిందకి దిగుతుంది, మెడ మళ్ళీ అటు వంగి సరిచేస్తుంది. నా ఒంట్లో ఇంత రాజకీయం ఉందని నాకే తెలీదు. తాపీ మేస్త్రీలు వాడే గుండు దారం నా మెడ గుంట నుంచి వదులుతుంది. గుండు కుడి మడమ మీదకి రావాలి. "మనిషి మొహంతో నిలబడడురా, మడమతో నిలబడతాడు."

"నా చెయ్యి అంతసేపు ఏం చూస్తారు మేడం?" అని అడిగా ఇవాళ. నేనే అడిగా! నోరు తెరిచి!

"నీ చెయ్యి ఎవడు చూశాడ్రా. చేతికీ నడుముకీ మధ్య సందుంది చూడు, దాన్ని చూస్తున్నా. సందు కుదిరితే చెయ్యి దానంతటదే వచ్చి కూర్చుంటుంది."

సందుని చూస్తుంటే నాకెందుకు సిగ్గు. హాయిగా అనిపించింది.

మా ఇంట్లో నన్ను చూసేది టీవీకి అడ్డం వచ్చినప్పుడే. ఈవిడ చుట్టూ తిరిగి తిరిగి చూస్తుంది. వెనక్కి వెళ్తుంది, మళ్ళీ ముందుకొస్తుంది, బొటనవేలితో ఇంత మట్టి పెడుతుంది. అది ఎక్కడో నేనే.

ఏప్రిల్ 10

అక్క నా ప్యాంటు చూసి, "ఒరేయ్ కొంగా, ఇది మళ్ళీ పైకెళ్ళిందేంట్రా?" అంది.

ఉతికితే ముడుచుకుంది అన్నా.

"ముడుచుకుంటే నడుము దగ్గర కూడా ముడుచుకోవాలిగా. నా దగ్గరా నీ కథలు?"

అంచు ఊడదీసి కిందకి దింపింది. మడతలో బట్ట అయిపోయిందట, ఇక దింపడానికి లేదట.

ఉతికితేనే ముడుచుకుంది.

ఏప్రిల్ 11

నేను పెరగట్లేదు.

ఏప్రిల్ 23

అద్దంలో గీత కనబడట్లేదు. నా జుట్టు అడ్డమొస్తుంది.

జుట్టు కత్తిరించుకోవాలి.

ఏప్రిల్ 24

జుట్టు కత్తిరించుకున్నా. మేడం చూసి, "గొరిగించుకున్న గొర్రెలా ఉన్నావు" అంది.

గీత కనబడట్లేదు.

ఏప్రిల్ 29

టెంపో క్లీనర్‌ని ఊరికే అడిగినట్టు అడిగా, పొడవు పెరగకుండా ఏం చెయ్యాలని. నెత్తి మీద బరువు మొయ్యాలన్నాడు. "మా తమ్ముడికి చిన్నప్పట్నుంచి నీళ్ళ బిందెలు మోయించారు, చూడు ఎలా ఉన్నాడో, స్టూలేసుకోందే స్విచ్చు అందదు." అందుకని ఇవాళ మూటలన్నీ నెత్తి మీదే మోశా. బాబాయి "భుజాలేమయ్యాయిరా నీకు, అమ్ముకున్నావా?" అన్నాడు.

సగమే తింటున్నా. ముడుచుకుని పడుకుంటున్నా.

పెరగట్లేదు.

మే 4

ఒక ఉపాయం దొరికింది.

కుడి మోకాలు ఒక్క పిసరు వంచి వదిలేస్తే చాలు. బయటికి తెలీదు. అద్దంలో గీత మళ్ళీ వచ్చింది, నెత్తి మీద సన్నగా, మొదటి రోజులాగే.

తొడ వణుకుతుంది కొంచెం. పళ్ళు బిగిస్తే ఆగుతుంది.

ఇందులో మోసం ఏముంది? ఇనుము ఎంతుందో నేనూ అంతే ఉన్నా. ఆవిడకి కావాల్సిందే ఇస్తున్నా.

మే 12

మేడం పొద్దున్నుంచి మోకాలి దగ్గరే ఉంది. మట్టి పెడుతుంది, తీసేస్తుంది, పెడుతుంది, తీసేస్తుంది. గుండు దారం తెచ్చి వదిలింది. గుండు మడమ దాటి ముందుకి పోయింది. దారం మార్చింది. మళ్ళీ అక్కడికే పోయింది.

"ఈ మోకాలు అబద్ధం చెప్తుంది" అంది.

నాతో కాదు, మట్టితో. మట్టితో మాట్లాడే అలవాటుంది ఆవిడకి.

మే 15

"నిలబడ్డవాణ్ణి చేస్తుంటే దాక్కున్నవాడు వస్తున్నాడేంటి?"

మట్టితోనే అంది.

మే 16

తీగతో తుంటి దాకా కాలు కోసేసింది. ఇనప చువ్వ బయటపడింది. కోసిన మట్టి తొట్టిలో పడేసి, చేతులు కూడా కడుక్కోకుండా కుర్చీలో కూర్చుంది. "నువ్వెళ్ళి నీళ్ళు తాగిరా నాన్నా, అలిసిపోయావు" అంది.

తిట్టుంటే బాగుండేది.

మే 21

మేడం కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చింది. వయసుకి తగ్గట్టే ఉన్నాయి, భయం లేదన్నాడట డాక్టర్.

"వాడికేం, గోడ మీద అక్షరాలు చదివితే చాలు. నాకు మోకాలు చదవాలి" అంది. కాలు మళ్ళీ మొదలెట్టింది. నా ముందుకొచ్చి చూస్తుంది, దగ్గరకొచ్చి చూస్తుంది, కళ్ళు నులుముకుంటుంది. ఇంతకుముందు కళ్ళు నులుముకునేది కాదు.

రేపు చెప్పేస్తా. మేడం, నేను పెరిగా. అంతే. చిన్న మాట.

మే 22

చెప్పలేదు.

మే 23

చెప్పలేదు. ఇంకొకణ్ణి వెతుక్కుంటుంది. నేను కిటికీ లేని గదికి పోవాలి. అందుకే నోరు రావట్లేదు.

మే 26

ఇవాళ కళ్ళు మూసుకుని వచ్చింది నా దగ్గరికి. "చూపు మీద నమ్మకం పోయిందిరా. చేత్తో చూస్తా, కదలకు" అని మోకాలి చిప్ప మీద బొటనవేలు పెట్టింది. మెల్లగా పైకి, తొడ కండ మీదకి.



"ఏంట్రా, రాయిలా బిగుసుకుపోయింది?"

"చలి మేడం. ఫ్యాన్ గాలి."

చెయ్యి అక్కడే ఉంచింది. చాలాసేపు. నేను అద్దంలోకి చూస్తూ ఉన్నా. అడిగితే చెప్పేద్దామని అనుకున్నా, నిజంగా. ఇంకొక్క మాట అడిగుంటే చెప్పేవాణ్ణి.

లేచి వెళ్ళి ఫ్యాన్ ఆపింది.

అంతే. నన్ను అనుమానించలేదు, తన చేతిని కూడా నమ్మలేదు.

జూన్ 6

ఎలా రాయాలో తెలీట్లేదు. జరిగింది జరిగినట్టు పెడతా.

చనిపోయినబ్బాయి అమ్మ వచ్చింది. ఒళ్ళు అయింది కదా, ఇక బట్టలు మొదలెట్టాలి, అందుకని వాడి చొక్కా తెచ్చింది. తెల్లది, ఇస్త్రీ చేసి కవర్లో పెట్టుంది. "వేసుకో బాబూ, మెల్లగా."

భుజాలు లోపలికి లాక్కుని వేసుకున్నా. బొత్తాలు పెట్టుకున్నా. మణికట్ల దగ్గర పొట్టిగా ఉంటే చొక్కా చేతులు పైకి మడిచేశా. చెక్కెక్కి నిలబడ్డా. మోకాలు వదిలా. గీత కనబడింది.

మేడం మట్టి బొమ్మ మీద తడిగుడ్డ తీసింది.

చనిపోయినబ్బాయి అమ్మ బొమ్మ చుట్టూ తిరిగింది. ముందు నుంచి చూసింది, పక్క నుంచి చూసింది. వెనక ఆగింది.

"వీడు భయపడుతున్నాడు" అంది.

మేడం బొమ్మ వైపు తిరిగింది.

"ఎవరో కొట్టబోతుంటే తగ్గి నిలబడ్డట్టు ఉన్నాడండీ. మా వాడు ఇలా ఉండేవాడు కాదు. ఆస్పత్రి మంచం మీద కూడా ఇలా లేడు. ఇలా నిలబెడతారా వాణ్ణి, అందరి ముందూ?" గొంతు లేస్తుంది. "వెనక నుంచి వాడే అనుకున్నా. ఇప్పుడు వెనక నుంచి కూడా కాదు."

మేడం కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు ఎంత ముసలావిడో కనబడింది.

"తప్పు నాదేనమ్మా. నా కన్ను పోయింది. నాకు కనబడేది ఇదే, ఎన్నిసార్లు కోసినా ఇదే వస్తుంది. ఫొటోలిస్తే మెషీన్ మీద చేసిచ్చే కంపెనీలున్నాయి, వాళ్ళకి ఇవ్వండి. నేను మానేస్తున్నా. ఇదొక్కటే కాదు, మొత్తం."

"మొత్తం అంటే?"

"మొత్తమే. షెడ్డు తాళం వేసేస్తా."

ఇద్దరూ నన్ను చూడట్లేదు. నేను అక్కడ లేనట్టే ఉంది. తొడ వణుకు మొదలైంది. మాట కోసం నోరు తెరిచా. రాలేదు. ఎప్పుడూ రాదు నాకు. అమ్మతోడు, ప్రయత్నించా.

మాట రాలేదు. మోకాలు సాపు చేశా.

మొత్తం సాపు చేశా. నడుము లేచింది, వీపు లేచింది, భుజాలు వెనక్కి వెళ్ళాయి. నేను లేపలేదు, అవే లేచాయి, ఎప్పట్నుంచో కాచుకుని ఉన్నట్టు. చొక్కా చంక దగ్గర పర్రున చిరిగింది.

ఆ చప్పుడుకి ఇద్దరూ తిరిగారు.

మేడం మొహం ముందు మారింది. నా నెత్తి చూసింది, గోడ మీద గీత ఉండాల్సిన చోటు చూసింది, మోకాలు చూసింది. లేచి ఆ పీతకాళ్ళ కొలత ఎక్కడో పెట్టెలోంచి తవ్వి తెచ్చింది. మోకాలి నుంచి మడమ. తుంటి నుంచి మోకాలు.

"దొంగవెధవా" అంది. "దొంగవెధవా! ఎన్నాళ్ళ నుంచి?"

"మే నుంచి మేడం."

"నా కన్ను బాగానే ఉంది! విన్నారామ్మా? ఉన్నదే చేశా! వాడు దాక్కుంటే దాక్కున్నవాణ్ణే చేశా! అచ్చం వాణ్ణే చేశా!" నవ్వుతుంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, కొలత పట్టుకుని నా చుట్టూ తిరుగుతుంది.

చనిపోయినబ్బాయి అమ్మ నవ్వలేదు. చంక కింద చిరుగు చూస్తూ ఉంది.

"విప్పు" అంది.

విప్పా. మడతపెట్టింది. చిరిగిన వైపు లోపలికి పెట్టి మడిచింది. కవర్లో పెట్టుకుని వెళ్ళిపోయింది.

జూన్ 7

వెళ్ళలేదు.

జూన్ 8

మేడం మా ఇంటికొచ్చింది. ఆటో దిగుతుంటే చూసి నేను వంటింట్లోకి దూరా. బాబాయి లుంగీ సర్దుకుంటూ కుర్చీ వేశాడు.

"వీడు మిమ్మల్ని మోసం చేశాడటగా అమ్మగారూ, వాళ్ళక్క అడిగి రాబట్టింది. నాతో చెప్పుంటే కాళ్ళు విరగ్గొట్టేవాణ్ణి."

"విరగ్గొడితే మళ్ళీ పొట్టయ్యేవాడు, నాకే లాభం" అంది మేడం.

బాబాయి పగలబడి నవ్వాడు. నేను తలుపు చాటు నుంచి వింటున్నా.

"ఆ అబ్బాయి వాళ్ళమ్మతో మాట్లాడా. బొమ్మ నేనే చేస్తున్నా. మోకాలూ తుంటీ సరిచెయ్యాలి. నిటారుగా నిలబడితే ఏది ఎటు లేస్తుందో చూస్తే చాలు, ఎత్తు నేను తగ్గించుకుంటా. ఎల్లుండి ఒక్కరోజు పంపించు. ఆ తర్వాత చొక్కా వేసుకుని నిలబడటానికి వేరేవాణ్ణి చూసుకున్నా."

"తీసుకెళ్ళండి. ఎలాగూ ఆ తర్వాత వాళ్ళ మామయ్య హోటల్‌కి పంపేస్తున్నా."

నేను ఆగా. ఇప్పుడు మేడం ఏదో ఒకటి అంటుందని. వద్దు అంటుందని, నా దగ్గరే ఉంచుకుంటా అంటుందని.

"మంచిది" అంది. అక్క పెట్టిన టీ తాగింది. వెళ్ళిపోయింది.

జూన్ 9

పొద్దున బాబాయి టెంపో కింద దూరి ఏదో బిగిస్తున్నాడు. కాళ్ళే కనబడుతున్నాయి. మొహం కనబడకపోతే మాట్లాడటం తేలిక.

"బాబాయ్, నేను మామయ్య దగ్గరికి వెళ్ళను."

కింద స్పానర్ చప్పుడు ఆగింది.

"ఎవడ్రా అది?"

"నేనే. వెళ్ళను. నీతో టెంపో ఎక్కుతా. మూటలు మోస్తా. క్లీనర్‌ కంటే ఎక్కువ మోస్తా. అక్కడికి మాత్రం వెళ్ళను. ఆయన కొడతాడు."

బాబాయి బయటికొచ్చాడు. మొహం నిండా గ్రీజు. కింద నుంచి పైదాకా చూశాడు నన్ను, కొత్తగా. చేతులు తుడుచుకుంటూ లోపలికెళ్ళాడు. నేను అక్కడే నిలబడ్డా. కాసేపటికి వచ్చాడు.

"ఫోన్ చేసి చెప్పా, రావట్లేదని. వాడు నన్ను బండబూతులు తిట్టాడు. ఇప్పుడు ఆ బూతులు మోస్తావా, మూటలు మోస్తావా?"

"రెండూ మోస్తా" అన్నా.

"కొంగకి నోరొచ్చిందే!" అని లోపలున్న అక్కని కేకేశాడు.

జూన్ 10

ఆఖరి రోజు.

చనిపోయినబ్బాయి అమ్మ కూడా వచ్చింది. మేడం "ఎక్కు" అంటే ఎక్కా. నిటారుగా నిలబడ్డా. అద్దంలోకి చూడలేదు.

మేడం తీగతో కోసింది, పెట్టింది, కోసింది, పెట్టింది. ఈసారి మట్టితో మాట్లాడలేదు. గుండు దారం వదిలితే గుండు మడమ మీద ఆగింది. దాన్ని అలాగే వదిలేసి వెనక్కి వెళ్ళి ఒక కన్ను మూసి చూసింది. "ఊఁ" అంది. అంతే, ఊఁ.

చనిపోయినబ్బాయి అమ్మ మట్టి బొమ్మ వెనక చాలాసేపు ఉంది. చెయ్యి చాచింది, తడి మట్టి కదా, తాకకుండా భుజం దగ్గర ఆపింది.

నేను దిగి నా చొక్కా వేసుకుంటున్నా. పక్కకొచ్చి నిలబడింది. మొదటి రోజు నిలబడ్డట్టే. నేను అలవాటుగా తగ్గబోయా.

"తగ్గకు" అంది.

తగ్గలేదు. నా నెత్తి ఆవిడ చెవి దాటింది. ఇన్నాళ్ళూ నా వీపే చూసింది ఆవిడ. నా మొహం ఎలా ఉంటుందో ఇప్పుడే చూస్తున్నట్టు చూసింది. నాది వాడి మొహం కాదు. వాడి ఫొటోలు గోడ నిండా ఉన్నాయి, నాకు తెలుసు, ఎక్కడా పోలిక లేదు.

"నీ పేరేంటి?" అంది.

చెప్పా. గాలే వచ్చింది.

"వినబడలేదు బాబూ."

ఇంకోసారి చెప్పా. షెడ్డంతా వినబడింది.